కమ్మరి కత్తి, దొంగ తూకపు రాయి

"కత్తి చేసిన కమ్మరిని హంతకుడంటారా? కంపెనీ చేసే పనులకు, దాని సాఫ్ట్‌వేర్ కోడ్ రాసే ఉద్యోగిని నిలదీయడమూ అంతే." వాట్సాప్ గ్రూపుల్లో రూపం మార్చుకుంటూ తిరుగుతున్న సందేశమిది. ఆ వెనుకే మరో మూడు మాటలు: పైవాళ్లు దాన్ని ఎలా వాడతారో మనకేం తెలుసు, మనం కాకపోతే ఇంకొకరు రాస్తారు, ఇంటి రుణం ఎవరు కడతారు. ఇన్నేళ్లుగా ఈ కూడే తింటున్నవాణ్ణి కనుక జవాబు చెప్పబుద్ధయింది.

ముందు కమ్మరి సంగతి. కత్తి కూరగాయలూ తరుగుతుంది, అతణ్ణి వదిలేద్దాం. కానీ ఒక షావుకారు వచ్చి "పైన కిలో అని ఉండాలి, లోపల గుల్లగా ఉండాలి, తనిఖీ అధికారి ముందు మాత్రం సరిగ్గా తూగాలి" అని తూకపు రాయి పోయమంటే? ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్లలో పెట్టింది అచ్చంగా అలాంటి రాయినే. కారు పొగ పరీక్షలో ఉందో, రోడ్డు మీద ఉందో స్టీరింగ్ కదలికను, వేగం తీరును బట్టి సాఫ్ట్‌వేర్ కనిపెట్టేది. పరీక్షలో పొగను బుద్ధిగా శుద్ధి చేసేది, రోడ్డెక్కగానే నైట్రోజన్ ఆక్సైడ్లను పరిమితికి 40 రెట్ల దాకా వదిలేది. 2015లో గుట్టు రట్టయ్యేసరికి ప్రపంచమంతటా సుమారు 1.1 కోట్ల కార్లలో అది ఉంది. అమెరికా కోర్టు 2017లో జేమ్స్ లియాంగ్ అనే ఇంజినీరుకు 40 నెలల జైలుశిక్ష వేసింది. అతడు కంపెనీ అధిపతి కాడు, ఉద్యోగి. "చక్రాలు తిరుగుతున్నాయి, స్టీరింగ్ మాత్రం కదలడం లేదు, కాబట్టి ఇది పరీక్ష" అన్న షరతుతో ఏ కూరగాయలు తరుగుతారో సందేశం రాసినవారే చెప్పాలి.

రెండో మాట, మనకేం తెలుసు అన్నది, నన్ను ఎక్కువగా బాధించేది. ఎందుకంటే చాలాసార్లు తెలిసేది మనకే.

తెలంగాణలో ప్రభుత్వ శాఖల జాబితాలను కలిపి ఒక్కో కుటుంబం వివరాలను ఒకచోటికి చేర్చే 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ ఉంది. పేర్లు, చిరునామాలు పోల్చి వేర్వేరు జాబితాల్లో ఉన్నది ఒకే మనిషా అని తేలుస్తుంది. ఒక రిక్షా కార్మికుడి పేరు ఎవరో కారు యజమాని పేరుకు దగ్గరగా ఉండటంతో, ఆ కుటుంబం కారున్నదిగా నమోదై ఆహార భద్రత కార్డుకు దూరమైన ఉదంతం 2024లో పత్రికలకెక్కింది. అంతకుముందే, 2022లో, 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించమని సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని ఆదేశించింది. మన పేర్ల సంగతి మనకు తెలియనిదా? నా తరగతిలోనే ముగ్గురు శ్రీనివాసులు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా, మరోచోట మాయం. రెండు పేర్లు ఎంత శాతం కలిస్తే 'ఒకరే' అనాలో కోడ్‌లో ఒక అంకె పెట్టాలి. ఆ అంకె ఎంత గుడ్డిదో, దాన్ని పెట్టినవాడికి తెలిసినంతగా ఫైలు మీద సంతకం చేసే అధికారికి తెలియదు.

బ్రిటన్ పోస్టాఫీసుల కథ ఇంకా ఘోరం. ఫుజిట్సు కంపెనీ అందించిన హొరైజన్ అనే లెక్కల వ్యవస్థ లేని లోటు చూపించేది. ఒక పల్లె పోస్ట్‌మాస్టర్ హెల్ప్‌లైన్ చెప్పినట్టే మీటలు నొక్కుతుంటే తెర మీద లోటు కళ్లెదుటే రెట్టింపైంది. 1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా పోస్ట్‌మాస్టర్లు దొంగలుగా, మోసగాళ్లుగా దోషులయ్యారు. బయటినుంచి ఎవరూ వారి ఖాతాలను ముట్టుకోలేరని పోస్టాఫీసు యాజమాన్యం బల్లగుద్ది చెప్పింది. అది నిజం కాదని ఫుజిట్సులో లోపాలు సరిచేసే బృందంలో పనిచేసిన రిచర్డ్ రోల్ 2015లో బీబీసీకి, 2019లో హైకోర్టుకు చెప్పాడు. ఆయన ఆ కంపెనీని విడిచింది 2004లో. 2004కూ 2015కూ నడుమ ఆ సంగతి తెలిసిన ఇంజినీర్లు ఇంకెందరు ఉండి ఉంటారో!

మనం కాకపోతే ఇంకొకరు రాస్తారా? రాయవచ్చు. లంచం తీసుకునే గుమస్తా చెప్పేదీ ఇదే మాట, దాన్ని మనం ఎన్నడూ ఒప్పుకోలేదు. దీనికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఇక రుణం, వీసా. ఈ ఒక్క మాట దగ్గర నా గొంతు తగ్గుతుంది. అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారి ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల్లో దారి వెతుక్కోవాలి. బడిలో పిల్లలు, ఊళ్లో తల్లిదండ్రుల మందులు. అలాంటివారిని రాజీనామా చేయమనే హక్కు నాకు లేదు, ఎవరికీ లేదు. అయితే ఉద్యోగం వదలడానికీ, నోరు మూసుకోవడానికీ మధ్య చాలా పనులున్నాయి: డిజైన్ సమీక్షలో "ఈ పోలిక తప్పితే ఎవరి కార్డు పోతుంది?" అని అడిగి దాన్ని సమావేశపు మినిట్స్‌లో రాయించడం, పరీక్షల్లో ముగ్గురు శ్రీనివాసులను పెట్టి చూడటం, తెలిసిన లోపాన్ని 'చిన్నది' అని మూసేయకపోవడం.

ఒకటి గమనించాను. మా గ్రూపులో ఈ సందేశాన్ని ముందుకు పంపినవారిలో మొన్న ఉద్యోగంలో చేరిన పిల్లలెవరూ లేరు. పంపింది ఇల్లు, పౌరసత్వం, షేర్లు అన్నీ అమరిన సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులు, మేనేజర్లు. వాళ్లు అడ్డం పెట్టుకుంటున్నది ఆ పిల్లల ఈఎంఐని.