నోటికి యాస ఇచ్చారు, మనసుకెప్పుడిస్తారు?

తెలుగు కథలో పాత్ర నోరు మూసుకుని ఆలోచించడం మొదలుపెట్టగానే నాకు అనుమానం మొదలవుతుంది. అప్పటిదాకా అంతా బాగానే నడుస్తుంది. టీ కొట్టు దగ్గర కబుర్లు, అత్తాకోడళ్ల ఎత్తిపొడుపులు, ఆటోవాడితో బేరం, అన్నీ చెవిన పడేటట్టు రాస్తారు మనవాళ్లు. ఆ తర్వాత ‘ఆమె ఆలోచనలో పడింది’ అని ఒక వాక్యం వస్తుంది. ఇక చూసుకోండి. ‘జీవితం ఎందుకిలా మలుపు తిరిగింది? తప్పెవరిది? సమాజానిదా, తనదా?’ అంటూ పదో తరగతి వ్యాసరచన పోటీ. ఒక్కోసారి ఇంకా ఘోరం. ‘పెళ్లయి పన్నెండేళ్లయింది. ఆయన బ్యాంకులో క్లర్కు. పిల్లలిద్దరూ కాన్వెంటులో చదువుతున్నారు’ అని ఆ ఇల్లాలు వంటగదిలో నిలబడి తనకు తానే చెప్పుకుంటుంది. మొగుడి ఉద్యోగమేమిటో ఆవిడకు తెలీదా? ఆ వివరం కావాల్సింది మనకు. మనకు చెప్పడానికి వేరే దారి వెతికే ఓపిక లేక, దాన్ని ఆమె బుర్రలో పడేసి రచయిత చేతులు దులుపుకున్నాడు.

టీవీ సీరియల్ చూసేవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. అత్తగారు కెమెరా వైపు ఓరగా చూస్తుంది, పెదవులు కదలవు, వెనకనుంచి గొంతు వినిపిస్తుంది. రేపు పాలల్లో ఏం కలపబోతోందో, ఎల్లుండి కోడల్ని ఎలా గెంటబోతోందో పూస గుచ్చినట్టు చెబుతుంది. సీరియల్ సంగతి వదిలేయండి, వాళ్లకు రోజూ ఎపిసోడ్ నింపాలి. మంచి కథకులమనుకునేవాళ్లు కూడా నమ్మే సూత్రం మాత్రం అదే: పాత్ర పైకి అబద్ధమాడుతుంది, లోపల నిజం చెబుతుంది. నా గొడవంతా ఈ సూత్రంతోనే. నోటికంటే ఎక్కువ అబద్ధాలాడేది మనసు. బయట నిలదీసేవాడైనా ఉంటాడు, లోపల అడిగే దిక్కే లేదు.

చైతన్య స్రవంతి, అంటే పాత్ర మనసులో ఆలోచనలు పారినట్టే రాసుకుపోయే పద్ధతి, దాని చరిత్ర ఇక్కడ తవ్వను. 1890లో విలియం జేమ్స్ మనస్తత్వశాస్త్రంలో ప్రచారంలోకి తెచ్చిన మాట సాహిత్యంలోకి ఎలా వచ్చిందో, 1922లో జేమ్స్ జాయిస్ డబ్లిన్‌లోని ఒక్క రోజును ఎంత లావు నవల చేశాడో ఎమ్మే పిల్లలకు కంఠతా. మనకూ కరువేం లేదు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి, రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య, ముగ్గురూ బయట చేసినదానికంటే లోపల పడినదే ఎక్కువ. హైదరాబాద్ వాళ్లకైతే పొరుగూరి ఉదాహరణలు కూడా అక్కర్లేదు. 1969లో వచ్చిన ‘అంపశయ్య’ ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి ఒక్క రోజు. ఆ నవల పేరే నవీన్‌కు ఇంటిపేరైపోయింది. ఇంత ఆస్తి ఉండి కూడా ఇవాళ్టి కథల్లో అంతరంగం ఎందుకింత పేలవంగా ఉందన్నదే నా ప్రశ్న.

ఒక మచ్చు చూపిస్తాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లర్ నీడన ఆర్డర్ కోసం చూస్తున్న బైక్ ట్యాక్సీ కుర్రాడనుకోండి. మామూలుగా మనం రాసేది ఇలా ఉంటుంది: ‘అక్క మళ్లీ ఫోన్ చేస్తోంది. ఆమెకు ఆసుపత్రి ఖర్చులకు డబ్బు కావాలి. ఇవ్వలేని తన నిస్సహాయత మీద అతనికే అసహ్యం వేసింది. పేదరికం రక్తసంబంధాలను కూడా తినేస్తుందా అనుకున్నాడు.’ అతని గురించి అన్నీ తెలిశాయి. అతను మాత్రం ఎక్కడా కనపడలేదు.

ఇప్పుడు ఇది చూడండి.

‘మోగుతున్నది. అక్కనే. హెల్మెట్ పెట్టుకున్న గద, వినవడలే. మలక్‌పేట కాడ జామ్ ఉంటది ఈ టైముకు, అంబర్‌పేట దిక్కుకెల్లి పోతే నయం. సైదులుగాడు నిన్న ఇరవై ట్రిప్పులు కొట్టిండంట. ఉత్తదే, గాడు కొట్టుడు. మల్ల మోగుతున్నది. ఎత్తితె ఆర్డర్ మిస్సయితది, గీ టైముల ఆర్డర్ మిస్సయితె ఎట్ల. అద్దానికి తగిలేసిన హెల్మెట్ ఎండకు కాలుతున్నది. లోపటి స్పంజి చినిగింది, కొత్తది కొనాలె. బందయింది. మంచిగైంది. మంచిగ ఏమైంది, రాత్రికి మల్ల చేస్తది.’

హెల్మెట్ అతని నెత్తిన లేదు, అద్దానికి వేలాడుతోంది. వినపడలేదన్నది అక్కకు చెప్పబోయే అబద్ధం, ముందు తనమీద ప్రయోగించి చూసుకుంటున్నాడు. డబ్బు ఊసే లేదు. ఆసుపత్రి ఊసే లేదు. పక్కవాడి ట్రిప్పుల లెక్క, చినిగిన స్పంజి, ట్రాఫిక్, ఏది దొరికితే దాని చాటుకు దూరుతున్నాడు. అతను దేన్నుంచి పారిపోతున్నాడో అక్కడ మనకు దొరుకుతాడు. పాత్రకు లోతు వచ్చేది ఏం ఆలోచిస్తుందన్నదాంట్లో కాదు, ఏ ఆలోచన దగ్గరకు రాగానే పక్క సందులోకి తిరుగుతుందన్నదాంట్లో.

ఈ మచ్చులో ‘అనుకున్నాడు’ ఒక్కసారి కూడా రాలేదని గమనించారా? తెలుగుకు ఆ ఊతకర్ర అవసరం లేదు. ‘ఇంకా రాలేదు. ఎక్కడికి పోయినట్టు?’ అని రాస్తే అది కథకుడి గొంతా, కొడుకు కోసం చూస్తున్న తల్లి గొంతా? ఇద్దరిదీ. కర్త లేకుండా వాక్యం నడిపించే వెసులుబాటు మన వ్యాకరణంలోనే ఉంది. చెప్పేవాడి వాక్యంలోంచి పాత్ర వాక్యంలోకి గడప తగలకుండా వెళ్లిపోవచ్చు. అంత సదుపాయం పుట్టుకతో ఉండగా ‘అని మనసులో మథనపడ్డాడు’ దగ్గరే మనం ఎందుకు ఆగిపోతున్నామో!

ఇక అసలు గొడవకు వస్తాను. పై మచ్చు యాసలో ఉంది. చాలామంది కథకులు పాత్ర ఆలోచనల్లో యాస రాయరు. మాటల్లో రాస్తారు, కోట్ గుర్తుల మధ్య ‘ఏం జేస్తున్నవ్’, ‘యాడికి బోతివి’ దర్జాగా ఉంటాయి. కోట్ మూసుకోగానే, అదే పాత్ర ఒక్కతే కూర్చోగానే, బుర్రలో ప్రమాణ భాష మొదలు. కథనమంతా యాసలోనే నడిపే కథకులు తెలంగాణలో ఉన్నారు, రాయలసీమలోనూ ఉత్తరాంధ్రలోనూ ఉన్నారు. వాళ్లకు దండం పెట్టి మిగతావాళ్ల సంగతి మాట్లాడుతున్నాను. నాలుగో తరగతితో బడి మానేసిన ఎల్లమ్మ పక్కింటామెతో ‘గట్లనే ఉంటది’ అంటుంది. మొగుడు పోయిన రాత్రి ఒంటరిగా కూర్చుంటే మాత్రం ‘ఈ శూన్యాన్ని ఎలా భరించాలి’ అంటుంది. ఎవరు నేర్పారమ్మా ఆ వాక్యం నీకు? రచయిత పైకి ఒప్పుకోకపోవచ్చు గానీ ఆ పేజీ చెబుతున్నది ఒకటే: యాస కూరగాయల బేరానికి సరిపోతుంది, దుఃఖానికి సరిపోదు.

వ్యావహారికం కోసం గిడుగు రామమూర్తి పోట్లాడారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. బడి పలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలన్న కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం. మధ్యలో పదకొండు రోజులు. రెండు రోజులూ సభలు చేస్తాం, శాలువాలు కప్పుతాం. గిడుగు గెలిచిన తర్వాత ఆ వ్యావహారికమే కొన్ని జిల్లాల చదువుకున్నవాళ్ల భాషగా గట్టిపడి కొత్త గ్రాంథికమైంది. దాన్ని మాటల్లోంచి కొంత తోసేశాం. సినిమాల్లో దశాబ్దాలపాటు కమెడియన్‌కూ రౌడీకీ పరిమితమైన తెలంగాణ యాస ఇవాళ హీరో నోట్లో కూడా ఉంది. మంచిదే. అయినా అది నోటి దగ్గరే ఆగింది. మనసు మీద హక్కు ఇంకా ఆ ప్రమాణ భాషదే.

హైదరాబాద్‌లో ఉండి ఈ తప్పు చేయడం నాకు అసలు మింగుడుపడదు. ఈ ఊళ్లో ఒక్క భాషలో ఆలోచించేవాడు దొరకడం కష్టం. మూసాపేటలో పుట్టి పెరిగినవాడు లెక్కలు ఇంగ్లిష్‌లో వేస్తాడు, బూతులు హిందీలో తిడతాడు, దేవుడితో బేరం తెలుగులో ఆడతాడు. అనంతపురం నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో కోచింగ్ తీసుకునే అమ్మాయిని చూడండి. ఇంటర్వ్యూకు ఒక ఇంగ్లిష్, రూమ్మేట్లతో ఎవరూ నవ్వని మధ్యరకం తెలుగు, అమ్మ ఫోన్ చేస్తే మెట్ల మీదికి పోయి గొంతు తగ్గించి సొంత యాస. ఆ అమ్మాయి ఇంటర్వ్యూలో ఫెయిలై మెట్రోలో తిరిగొస్తుంటే లోపల ఏ తెలుగు నడుస్తుంది? మొదటి రెండు స్టేషన్లు ఇంగ్లిష్‌లోనే సమర్థించుకుంటుందేమో. ‘ఇట్స్ ఓకే, నెక్స్ట్ టైమ్.’ ఆ తర్వాత ఎక్కడో ‘నాయనకు ఏం చెప్పేది’ అని తెగుతుంది. భాష మారిన ఆ చోటు ఆమె కథకు కీలకం. ఏ వర్ణనా అక్కర్లేదు, కన్నీళ్లూ అక్కర్లేదు. అంతా ఒకే ప్రమాణ భాషలో రాసేసిన రచయిత ఆ కీలకాన్ని తన చేత్తోనే పీకి పారేసినట్టు.

అవతలివాళ్ల వాదన నాకు తెలీనిది కాదు. అసలు ఆలోచన భాషలోనే ఉండదు, బొమ్మలుగా, వాసనలుగా ఉంటుంది, దాన్ని ఏ భాషలో రాసినా అనువాదమే అంటారు. ఒప్పుకుంటాను, అయితే ఆ అనువాదం ఎప్పుడూ ఒక్క ప్రాంతపు తెలుగులోకే ఎందుకవుతోంది? పేజీలకొద్దీ యాస చదవడం ఇతర ప్రాంతాలవాళ్లకు కష్టమంటారు. సంభాషణలు అర్థమైనవాళ్లకు ఆలోచనలు అర్థం కావా? ఆదివారం అనుబంధంలో ఉన్న కాస్త జాగాలో అంతరంగానికి చోటెక్కడిదన్నది మూడోది. బైక్ కుర్రాడి మచ్చు అంతా కలిపి పది లైన్లు. మరి నువ్వెందుకు ఈ వ్యాసం ప్రమాణ భాషలో రాస్తున్నావని కూడా ఎవరో అడుగుతారు. ఇక్కడ నేను ఆలోచించడం లేదు, వాదిస్తున్నాను.

సంపాదకులదీ ఇందులో వాటా ఉంది. నాకు తెలిసిన ఒక కథకురాలి కథలో ‘బస్సు ఒస్తదో రాదో’ అని పాత్ర లోలోపల అనుకునే వాక్యం అచ్చులో ‘బస్సు వస్తుందో రాదో’ అయింది. పక్కనే సంభాషణలో ‘ఒస్తది తీ’ అలాగే ఉంది. అడిగితే, కథనంలో భాష ఒకే తీరుగా ఉండాలి కదమ్మా అన్నారట. ఆమె ఇప్పుడు మొదటి ప్రతిలోనే ‘వస్తుందో’ అని రాస్తోంది.

ఈసారి డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో కథల సంపుటి ఏదైనా చేతిలోకి తీసుకుంటే, వెనక అట్ట మీది పొగడ్తలు వదిలేసి, పాత్ర ఒంటరిగా ఉన్న పేజీ వెతకండి. మాటలో ‘ఉన్నది’ అన్న మనిషి ఆలోచనలో ‘ఉంది’ అంటుంటే పుస్తకం అక్కడే పెట్టేసి పక్క స్టాలుకు నడవండి. నేనైతే నడుస్తాను.