సిరా మార్చడం కన్నా ముందు వేస్టేజీ సంగతి చూడాలి
చిన్న ప్రెస్సులు సోయా ఇంకులకు (సోయా నూనెతో చేసే సిరాలకు), రీసైకిల్డ్ పేపర్‌కు మారితే పర్యావరణంతో పాటు వ్యాపారమూ బాగుపడుతుందని మీ వ్యాసంలో రాశారు. పర్యావరణం మాట ఒప్పుకుంటాను, వ్యాపారం మాట దగ్గరే తేడా. మా బావగారిది తెనాలిలో ఆఫ్‌సెట్ ప్రెస్. అక్కడికి శుభలేఖల కోసం వచ్చేవాళ్లు ముందు అడిగేది వెయ్యి కార్డులకు ఎంత అనే. ఏ ఇంకు వాడుతున్నారని అడిగినవాళ్లను నేనైతే చూడలేదు. అసలు నష్టం వేరే చోట ఉంది. రంగులు, రిజిస్ట్రేషన్ (ఒక రంగు మీద ఇంకోటి సరిగ్గా పడటం) కుదిరేదాకా మెషిన్ మీద పోయే షీట్లు ఎన్నో. ఆర్డర్ ఐదొందలైనా ఐదు వేలైనా ఆ వృథా ఇంచుమించు అంతే, కాబట్టి చిన్న ఆర్డర్‌కే దెబ్బ ఎక్కువ. నలుగురైదుగురు కస్టమర్ల విజిటింగ్ కార్డులు ఒకే ప్లేటు (అచ్చు వేసే రేకు) మీద కలిపి వేస్తే ఆ కాగితం, ప్లేటు ఖర్చు రెండూ మిగులుతాయి. మెషిన్ రోలర్లు కడగడానికి కిరోసిన్ వాడకం తగ్గినా అలాగే ఖర్చు మిగులుతుంది, పనివాళ్లకు ఆ వాసన బాధ కూడా తప్పుతుంది. ఇక రూల్స్ సంగతి. 2022 జూలై 1 నుంచి శుభలేఖల మీద చుట్టే ప్లాస్టిక్ ఫిల్మ్‌తో పాటు వంద మైక్రాన్లలోపు మందం ఉన్న పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) బ్యానర్లనూ దేశమంతా నిషేధించారు. మంచిదే. కానీ అప్పు చేసి ఫ్లెక్సీ మెషిన్ కొన్నవాడు గుడ్డ బ్యానర్లకు మారాలంటే మళ్లీ పెట్టుబడి కావాలి కదా? సలహాలతో పాటు తక్కువ వడ్డీ లోను, మున్సిపాలిటీ, స్కూళ్ల ప్రింటింగ్ ఆర్డర్లలో కొంత వాటా ఇప్పిస్తే ఊళ్లోని ప్రెస్సులు వాటంతటవే మారతాయి.