చేతిలో ఏమీ లేని మండలి ఎన్నికలు దాటదు: దీవి దేశాలు నేర్పుతున్నది

తెలుగు కూలీల సంతతి నేటికీ ఉగాది చేసుకునే, ఆ రోజు ప్రభుత్వ సెలవు కూడా ఇచ్చే మారిషస్, 2008లో 'మారిస్ ఇల్ డ్యూరాబ్ల్' (సుస్థిర మారిషస్ దీవి) అనే జాతీయ కార్యక్రమం చేపట్టింది. దిగుమతి చమురు, బొగ్గుల మీద ఆధారపడటం తగ్గించుకోవాలన్నది ప్రధాన లక్ష్యం. ఇంధనంపై లెవీ, అంటే అదనపు సుంకం, వేసి నిధి సమకూర్చారు. 2011లో అధికారులు, వ్యాపార వర్గాలు, విద్యావేత్తలు, స్వచ్ఛంద సంస్థలతో కార్యబృందాలు వేసి విస్తృతంగా చర్చలు జరిపారు. 2013 నాటికి విధానపత్రం, కార్యాచరణ ప్రణాళిక తయారయ్యాయి. ప్రధాని కార్యాలయం పరిధిలో ఒక కమిషన్ కూడా వచ్చింది. 2014 డిసెంబర్ ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, మరుసటి ఏడాదే కమిషన్ మూతపడింది. పెట్రోలు ధరలో మాత్రం లెవీ ఆ తర్వాత కూడా అదే పేరుతో కొనసాగింది. అంటే జనం కట్టడం ఆగలేదు. ఆ డబ్బు దేనికి వాడాలో వారు కూడా చెప్పగలిగే వేదిక మాత్రం లేకుండా పోయింది.

ఐక్యరాజ్యసమితి జాబితాలో ఇలాంటి చిన్న దీవి దేశాలు 39 ఉన్నాయి. 1992 రియో సదస్సు నుంచి 1994 బార్బడోస్, 2014 సమోవా, 2024 ఆంటిగ్వా సదస్సుల దాకా ప్రతి ప్రకటనా ప్రభుత్వం ఒక్కటే కాదు, అన్ని వర్గాలూ కూర్చుని అభివృద్ధి దారి నిర్ణయించుకోవాలనే చెప్పింది. ఆ మాట పట్టుకుని, అన్ని వర్గాల ప్రతినిధులతో ప్రభుత్వానికి సలహా ఇచ్చే మండళ్లు పుడుతూనే ఉన్నాయి. ప్రారంభోత్సవం జరుగుతుంది, మంత్రి ప్రసంగించి వెళ్లిపోతారు. మొదటి సమావేశానికి శాఖ కార్యదర్శి వస్తారు, రెండోదానికి ఆయన కింది అధికారి, మూడోదానికి ఏ నిర్ణయమూ చెప్పలేని జూనియర్. విదేశీ ప్రాజెక్టు నిధులతో నడిచే సచివాలయం ఆ ప్రాజెక్టు ముగిసిన రోజే ఖాళీ అవుతుంది. దీన్ని చిత్తశుద్ధి లోపం అనడం తేలిక. అసలు లోపం మండలి నిర్మాణంలో ఉంది: దాని మాట వినకపోతే ఎవరికీ ఏ నష్టమూ రాదు.

నష్టం వచ్చే చోట ఏం జరుగుతుందో బార్బడోస్ చూపించింది. 1991లో ఆ దేశం తీవ్రమైన విదేశీ మారక సంక్షోభంలో పడింది. ప్రభుత్వోద్యోగుల జీతాలు 8 శాతం కోశారు. జనం వీధుల్లోకి వచ్చారు. 1975 నుంచి ఒక అమెరికన్ డాలరుకు రెండు బార్బడోస్ డాలర్లుగా ఉన్న మారకపు రేటును వదులుకోవాలన్న ఒత్తిడి పెరిగింది. రేటు పడిపోతే దిగుమతి తిండి మీద బతికే దీవిలో కార్మికుడి పళ్లెమూ చిన్నదవుతుంది, యజమాని ఖర్చూ పెరుగుతుంది. ఆ భయమే అందరినీ ఒక బల్ల దగ్గరికి చేర్చింది. 1993లో ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు ధరలు, వేతనాలపై ఒక ఒప్పందం మీద సంతకం చేశాయి. వేతనాలు పెంచమని అడగబోమని సంఘాలు ఒప్పుకున్నాయి, కరెన్సీ విలువ నిలిచింది. ఆ 'సామాజిక భాగస్వామ్యం' తర్వాత వచ్చిన ప్రభుత్వాల కాలంలోనూ కొనసాగింది. 2018లో దేశం మళ్లీ అప్పుల ఊబిలో కూరుకుని ఐఎంఎఫ్ వద్దకు వెళ్లినప్పుడు, కార్యక్రమం అమలును పరిశీలించి ప్రజలకు నివేదికలిచ్చే కమిటీలో ఈ భాగస్వాములకే చోటు దక్కింది. దీని వెనుక ప్రత్యేక చట్టం లేదు. సంతకం చేసిన ప్రతి పక్షానికీ పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంది, బలం అదే.

పర్యావరణ విషయాల్లో అలాంటి తక్షణ భయం అరుదు. పగడపు దిబ్బ చచ్చిపోవడానికి ఇరవై ఏళ్లు పట్టవచ్చు, ఎన్నికలు ఐదేళ్లకే వస్తాయి. కనుక అక్కడ డబ్బునూ చట్టాన్నీ కలిపి ముడివేయాలి. సీషెల్స్ చేసింది అదే. సుమారు లక్ష జనాభా ఉన్న ఆ దేశం 2.16 కోట్ల డాలర్ల విదేశీ అప్పును ద నేచర్ కన్సర్వెన్సీ అనే పర్యావరణ సంస్థ సాయంతో సముద్ర పరిరక్షణకు మళ్లించుకుంది. పాత రుణదాతలకు కట్టాల్సిన వాయిదాలు ఇప్పుడు 2015 చట్టంతో ఏర్పడిన సీక్యాట్ అనే ట్రస్టుకు చేరతాయి. ప్రభుత్వం వెలుపలి వారు కూడా ఉన్న ట్రస్టీల బోర్డు ఆ డబ్బును చూసుకుంటుంది. 2018లో దేశం జారీ చేసిన 1.5 కోట్ల డాలర్ల బ్లూ బాండ్ (సముద్ర సంబంధ పనుల కోసం అప్పు తెచ్చే పత్రం)లోనూ 30 లక్షలు గ్రాంట్ల కోసం ఈ ట్రస్టుకే కేటాయించారు. ఇచ్చిన మాట ప్రకారం 2020 మార్చి నాటికి తన సముద్ర జలాల్లో 30 శాతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఇప్పుడు కొత్త ప్రభుత్వం ఈ బోర్డును తీసేయాలంటే పార్లమెంటుకు వెళ్లాలి, అప్పు ఒప్పందానికీ జవాబు చెప్పుకోవాలి.

అయితే నిధి ఉన్నంత మాత్రాన అది అందరికీ అందదు. దరఖాస్తులో లక్ష్యాలు, సూచికలు, త్రైమాసిక ఖర్చులు రాయమంటే, చేపలు పట్టేవాడు ఆగిపోతాడు, రాజధానిలోని కన్సల్టెంటు గెలుస్తాడు. దరఖాస్తుదారు పక్కన కూర్చుని, అతని భాషలో అడిగి, ఫారం నింపిపెట్టే ఉద్యోగి ఒకరు సచివాలయంలో ఉండాలి. బడ్జెట్ తగ్గించాల్సి వస్తే ముందుగా తీసేసేది ఈ పోస్టునే. అది చాలా పెద్ద తప్పు.

సభ్యుల ఎంపికలోనూ ఇదే జరుగుతుంది. 'మత్స్యకారుల ప్రతినిధి' అని ఒక కుర్చీ వేస్తే పడవల యజమాని వచ్చి కూర్చుంటాడు. మారిషస్‌కు తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరంలో ఉన్న రోడ్రిగ్స్ దీవిని చూడండి. అక్కడ ఆక్టోపస్ వేట ఎక్కువగా ఆడవాళ్ల పని. నీరు తగ్గే వేళ కడ్డీ పట్టుకుని లోతులేని మడుగుల్లో నడుస్తూ పగడపు రాళ్ల సందుల్లో వెతుకుతారు. 2012 నుంచి ఆ వేటకు ఏటా కొంతకాలం విరామం ఇస్తున్నారు. మొదటిసారి అది రెండు నెలలు. ఆ రోజుల్లో పేరు నమోదైన వారికి తీరం శుభ్రం చేయడం వంటి పనులిచ్చి కూలి చెల్లించారు. నమోదు కాని వారి మాటేమిటి? విరామానికి నెల ఎప్పుడు బాగుంటుంది? ఇవి పడవ ఉన్నవాడికి తట్టే ప్రశ్నలు కావు. అందుకే ప్రతినిధిని మంత్రి నామినేట్ చేయకూడదు. ఆ వర్గం వారే ఎన్నుకోవాలి, దూరపు దీవుల నుంచి వచ్చేవారి విమాన ఖర్చు, పోయిన రోజుల కూలి మండలి బడ్జెట్‌లోనే ఉండాలి.

చిన్న దేశానికి మరో సహజమైన ఇబ్బంది ఉంది. హోటల్ డైరెక్టరే వాణిజ్య మండలి అధ్యక్షుడు, ఆయన చెల్లెలే స్వచ్ఛంద సంస్థ కార్యదర్శి, తోడల్లుడు శాఖాధిపతి. ఇలాంటి చుట్టరికాలను నిషేధిస్తే కూర్చోవడానికి మనిషే మిగలడు. ప్రతి సమావేశం మొదట్లో ఎవరి ప్రయోజనం ఏ అంశంలో ఉందో చెప్పించి, ఆ అంశం వచ్చినప్పుడు వారిని బయటికి పంపి, రెండూ మినిట్స్‌లో రాసి ప్రకటిస్తే చాలు.

ప్రభుత్వమూ తీరంలోని ఊళ్ల వారూ ముందే ఒకరినొకరు ఎరిగి ఉండకపోతే ఏమవుతుందో మారిషస్‌కే 2020లో తెలిసొచ్చింది. జులై 25న వకాషియో నౌక పగడపు దిబ్బ ఎక్కింది. ఆగస్టులో దాదాపు వెయ్యి టన్నుల చమురు సముద్రంలో కలిసింది. మాహెబూర్ తీరంలో వేలమంది వాలంటీర్లు ఎండు చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కూరి, తేలేందుకు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు జోడించి, కుట్టి, చమురుకు అడ్డుకట్టలు కట్టారు. పని అధికారులకు వదిలేయమని ప్రభుత్వం కోరింది, జనం వినలేదు. చమురు ముప్పు ప్రణాళికను ఈ ఊళ్ల వారితో కలిసి ముందే రాసుకుని ఉంటే ఆ పెనుగులాట ఉండేది కాదు.

కొత్తగా మండలి పెట్టాలనుకునే దేశానికి నా సూచన పదిహేను మంది సభ్యులు, వారిలో ప్రభుత్వం వారు ఆరుగురికి మించకూడదు. పదవీకాలం నాలుగేళ్లు, రెండేళ్లకోసారి సగం మంది మారాలి, అప్పుడే ఒక ఎన్నికతో అంతా కొట్టుకుపోదు. సచివాలయానికి ముగ్గురు నలుగురు చాలు, కానీ జీతాలు దేశ బడ్జెట్ నుంచే రావాలి. సమావేశాల క్యాలెండర్ బడ్జెట్ తయారీని బట్టి సాగాలి. మారిషస్‌లో ఆర్థిక సంవత్సరం జులైలో మొదలవుతుంది, కాబట్టి మండలి సిఫార్సులు ఫిబ్రవరికల్లా ఆర్థిక శాఖ బల్ల మీద ఉండాలి. మే నెలలో ఇచ్చే సలహా గ్రంథాలయానికి తప్ప దేనికీ పనికిరాదు. ప్రతి సిఫార్సుకూ మంత్రి 60 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వాలనీ, తిరస్కరిస్తే కారణం చెప్పాలనీ, ఆ జవాబును పార్లమెంటు ముందుంచాలనీ చట్టంలోనే రాయాలి. కోరం (సమావేశం చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) లెక్కలో కూడా ప్రభుత్వేతర సభ్యులు కనీసం సగం ఉండాలన్న నిబంధన తప్పనిసరి. అది లేకపోతే తుపాను రోజున దూరపు దీవుల వారు రాలేకపోయినప్పుడు రాజధానిలోని ఆరుగురు అధికారులే కూర్చుని నిర్ణయం రాసేస్తారు.