గుండె మూడు నెలల్లో కొత్తదైపోదు

వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక సందేశాన్ని మా మేనమామ నాకు పంపారు. ఆయనకు మూడేళ్ల క్రితం గుండెపోటు వచ్చింది. అప్పటి నుంచి పూట తప్పకుండా మాత్రలు వేసుకుంటున్నారు. సందేశం కింద ఒకే ప్రశ్న రాశారు: "ఇది నిజమైతే నేను మాత్రలు మానేయవచ్చు కదరా?" ఆ ప్రశ్న చూశాక ఊరుకోలేకపోయాను.

ఆ సందేశం చెప్పేది ఇది. గుండె కణాలు మూడు నెలలకొకసారి పూర్తిగా మారిపోతాయి. ఉపవాసం ఉంటే ఆటోఫజీ (కణం తన లోపలి చెత్తను తానే తొలగించుకోవడం) జరిగి గుండెలోని దెబ్బలన్నీ మాయమవుతాయి, దీనికి నోబెల్ కూడా వచ్చింది. గుండె గోడ మందమైతే గుండె బలపడినట్టే. కాబట్టి జీవితాంతం మాత్రలు వాడమనడం మోసం.

మొదటి మాట పచ్చి అబద్ధం. కణాల వయసును శాస్త్రవేత్తలు కొలిచి మరీ చూశారు. 1950లలో, 1960ల మొదట్లో ఆరుబయట జరిపిన అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ బాగా పెరిగింది. 1963 నిషేధ ఒప్పందం తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టినప్పుడు దాని డీఎన్ఏలో చేరిన కార్బన్ అక్కడే ఉండిపోతుంది కనుక, అందులో కార్బన్-14 ఎంత ఉందో చూస్తే ఆ కణం ఏ కాలంలో పుట్టిందో తెలుస్తుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థకు చెందిన యోనాస్ ఫ్రిసేన్ బృందం ఈ పద్ధతిలో మనుషుల గుండె కణజాలాన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించింది. 25 ఏళ్ల వయసులో ఏడాదికి సుమారు 1 శాతం గుండె కండర కణాలు కొత్తగా వస్తాయి. 75 ఏళ్లకు అది 0.45 శాతానికి పడిపోతుంది. నిండు నూరేళ్లు బతికినా సగానికి మించి కణాలు మారవు.

మారేది కణం కాదు, కణం లోపలి సామగ్రి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఇలాంటి సందేశాలు నిజంలా వినిపిస్తాయి. గుండె కండర కణం నిండా సార్కోమియర్లు అనే అతి చిన్న సంకోచ యంత్రాలు వరుసగా ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 2 మైక్రోమీటర్ల పొడవు. రోజుకు దాదాపు లక్షసార్లు అవి ముడుచుకుని సాగుతాయి. ఆ ఒత్తిడికి ప్రోటీన్లు మెలి తిరుగుతాయి, మడతలు విప్పుకుంటాయి, తెగిపోతాయి. అందుకని కణం వాటిని ఎప్పటికప్పుడు తీసివేసి కొత్తవి అమర్చుకుంటుంది. ఎలుకల గుండెల్లో కొలిచినప్పుడు, సార్కోమియర్‌లోని ప్రధాన ప్రోటీన్లలో సగం మారిపోవడానికి సుమారు 3 నుంచి 10 రోజులే పట్టింది. మన శరీరంలోని ప్రోటీన్లన్నిటిలోకీ పెద్దదైన టైటిన్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. ముప్పై వేలకు పైగా అమైనో ఆమ్లాలతో స్ప్రింగులా పనిచేసే ఆ ప్రోటీన్‌ను కణం కొట్టుకుంటూనే మార్చుకుంటుంది. నీళ్లు పారుతుండగానే కాలువ గట్టుకు మరమ్మతు చేయడం ఎంత కష్టమో పల్లెలో పెరిగినవారికి తెలుసు. గుండె కణం ప్రతి నిమిషం చేసేది ఆ పనే.

ఈ మరమ్మతులో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఫిలమిన్ కథ. సార్కోమియర్ల మధ్య జెడ్-డిస్క్ అనే అడ్డుపట్టీ ఉంటుంది. అక్కడ లంగరులా పట్టి ఉంచే ఫిలమిన్, లాగుడు ఎక్కువైతే మడతలు విప్పుకుంటుంది. బ్యాగ్-3 అనే ప్రోటీన్ తన సహాయక ప్రోటీన్లతో వచ్చి ఆ పాడైన ఫిలమిన్‌ను పట్టుకుంటుంది. దాని మీద 'పారవేయాలి' అన్న రసాయన గుర్తు పడుతుంది. తర్వాత ఒక పొర దాన్ని సంచిలా చుట్టి కణం లోపలి జీర్ణకోశానికి చేరుస్తుంది. జర్మనీలోని బాన్‌లో యోర్గ్ హోఫెల్డ్ బృందం 2010లో ఈ మార్గాన్ని వివరించింది. బ్యాగ్-3 జన్యువులో లోపం ఉన్న కుటుంబాల్లో గుండె సాగి బలహీనపడే జబ్బు కనిపిస్తుంది. కణం బయటి పొర చిరిగితే మరో ఏర్పాటు ఉంది. లోపలికి దూసుకొచ్చే కాల్షియమే అక్కడ హెచ్చరిక, డిస్ఫెర్లిన్ ప్రోటీన్ సాయంతో చిన్న బుడగలు వచ్చి ఆ చిరుగుకు అతుకు వేస్తాయి.

ఇదంతా బతికి ఉన్న కణంలో జరిగేది. గుండెపోటు సంగతి వేరు. పెద్ద పోటులో వంద కోట్ల వరకు కణాలు చనిపోవచ్చు. వాటి చోట కొలాజెన్ అనే నార ప్రోటీన్‌తో మచ్చ ఏర్పడుతుంది. మచ్చ ముడుచుకోదు, పంపు చేయదు. జీబ్రా చేప గుండెలో కొంత భాగం కోసేసినా తిరిగి పెంచుకుంటుంది. ఒక రోజు వయసు ఎలుక పిల్లకూ ఆ శక్తి ఉంటుంది, వారం తిరిగేసరికి పోతుంది. పెద్దవాళ్ల గుండెలో మూలకణాలు కొత్త కండరం తయారు చేస్తాయని ఏళ్ల తరబడి ప్రచారం చేసిన పియెరో అన్వెర్సా ప్రయోగశాల నుంచి వచ్చిన 31 పరిశోధన పత్రాలను వెనక్కి తీసుకోవాలని 2018లో హార్వర్డ్ వైద్య కళాశాల, బ్రిగమ్ ఆసుపత్రి కోరాయి. ఎంతమంది రోగులు ఆ మాట నమ్మి ఆశ పెట్టుకున్నారో తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ఇక ఆటోఫజీ. యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చిన మాట నిజమే. అది ఈస్ట్ కణాల్లో ఆటోఫజీ ఎలా జరుగుతుందో కనుగొన్నందుకు వచ్చింది, ఉపవాసంతో గుండెజబ్బు తగ్గించినందుకు కాదు. పైగా ఆటోఫజీ ఒక కణం తన లోపలి చెత్తను తాను తొలగించుకునే పని. మచ్చ ఉన్నది కణాల వెలుపల. చనిపోయిన కణం ఏ చెత్తనూ తొలగించుకోలేదు. గుండె మందులతో పాటు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు గానీ, చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవారు సొంతంగా కఠిన ఉపవాసాలు మొదలుపెడితే బీపీ, చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

చెత్త తొలగించే శక్తికీ హద్దు ఉంది. దానికి ఉదాహరణ మన హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల కృషిలోనే ఉంది. సార్కోమియర్‌ను ముడిచే మయోసిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని ఉండే మరో ప్రోటీన్ తాలూకు జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు లోపించడం భారత ఉపఖండంలో దాదాపు 4 శాతం మందిలో ఉందని 2009లో వెల్లడైంది. ఆ మార్పు ఉన్నవారికి గుండె వైఫల్యం ముప్పు ఎక్కువ. వయసులో ఉన్నప్పుడు కణాలు ఆ లోపభూయిష్ఠ ప్రోటీన్‌ను తొలగించుకోగలుగుతాయనీ, వయసు మీరాక అది పేరుకుపోతుందనీ ఆ పరిశోధకులు వివరించారు. ఆ మార్పు ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు.

గోడ మందం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అధిక బీపీ వల్ల భారం పెరిగితే కణం పక్కపక్కన కొత్త సార్కోమియర్లు చేర్చుకుని లావెక్కుతుంది. కొంతకాలం అది నెట్టుకొస్తుంది. తర్వాత గోడ బిరుసెక్కి గుండె సరిగ్గా నిండదు. ఎకో (గుండె స్కాన్) నివేదికలో గోడ మందమని రాస్తే సంబరపడకూడదు, బీపీ చూపించుకోవాలి.

మాత్రలు మోసమన్న చివరి మాటే ప్రాణాలు తీసేది. బీటా బ్లాకర్లు, ఏసీఈ ఇన్హిబిటర్లు అనే మందులు గుండె మీద పడే భారాన్ని తగ్గిస్తాయి. బతికి ఉన్న కణాలు అరుగుదల కంటే వేగంగా మరమ్మతు చేసుకోవడానికి ఆ వెసులుబాటు కావాలి. లండన్‌లో ఒక పరీక్ష జరిపి 2018లో ఫలితాలు ప్రకటించారు. అందులో పాల్గొన్న 51 మందీ గుండె సాగే జబ్బు నుంచి మందులతో కోలుకున్నవారే, లక్షణాలేమీ లేనివారే. వారిలో 25 మందికి వైద్యుల పర్యవేక్షణలో మెల్లగా మందులు ఆపించారు. ఆరు నెలల్లో 11 మందికి జబ్బు తిరగబెట్టింది. మందులు కొనసాగించినవారిలో ఆ ఆరు నెలల్లో ఒక్కరికీ తిరగబెట్టలేదు. వాళ్లు మామయ్యలా గుండెపోటు వచ్చి మచ్చ పడినవారు కూడా కాదు.

మామయ్యా, మాత్రలు మానవద్దు. డోసు ఎక్కువైందనిపిస్తే ఈ నెలలోనే ఎకో తీయించుకుని మీ డాక్టరుగారితో మాట్లాడదాం. నేనూ వస్తాను.