వెచ్చని గాలి వస్తే ఫర్నేస్ బాగున్నట్టేనా?

చలి మొదలైందంటే చాలు, అమెరికాలోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఫర్నేస్ (గ్యాస్ మండించి ఇంటిని వేడి చేసే యంత్రం) గురించి ఒక మెసేజ్ తిరుగుతుంది. "ఫర్నేస్ సర్వీసు అంటే కంపెనీల దోపిడీ. వెచ్చని గాలి వస్తోందంటే ఫర్నేస్ బాగున్నట్టే. గ్యాస్ లీకైతే వాసన వస్తుంది, స్మోక్ అలారం ఎలాగూ ఉంది. వాడని గదుల్లో వేడిగాలి వచ్చే వెంట్లు మూసేస్తే బిల్లు తగ్గుతుంది. ఫర్నేస్ ఆగిపోతే ఓవెన్ వెలిగించి తలుపు తీసి పెట్టండి." దాదాపు ఇంతే. కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు దీన్ని నమ్మి ఇంకో నలుగురికి పంపుతున్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు వాసన సంగతి. ఇళ్లకు వచ్చే సహజవాయువుకు సొంత వాసన లేదు. మనకు తెలిసే ఆ కుళ్లిన గుడ్ల కంపు మెర్‌కాప్టాన్ అనే రసాయనాన్ని కావాలని కలపడం వల్ల వస్తుంది. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ బడి కింద వాసన లేని గ్యాస్ లీకై పేరుకుపోయి పేలింది. దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ ఘోరం జరిగాకే అక్కడ గ్యాస్‌కు వాసన కలపడం తప్పనిసరి చేశారు. కాబట్టి కంపు వస్తే లీకు అన్నది నిజమే. అప్పుడు లైటు స్విచ్ కూడా ముట్టుకోకుండా అందరూ బయటికి వెళ్లి, అక్కడి నుంచి అత్యవసర నంబరు 911కో గ్యాస్ కంపెనీకో ఫోన్ చేయాలి.

కానీ ఫర్నేస్‌లో ఇంకో ప్రమాదం ఉంది. గ్యాస్ సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కలిపిన మెర్‌కాప్టాన్ కూడా మంటలో కాలిపోతుంది కాబట్టి ముక్కు మనకు ఏమీ చెప్పదు. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలవుతాయి. జ్వరం లేని ఫ్లూలా ఉంటుంది. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతోందంటే అది చలి వల్ల అనుకోకండి. మంటలతో సంబంధం లేకుండా, ప్రమాదవశాత్తూ ఈ వాయువు పీల్చి అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఇందులో జనరేటర్లు, కార్ల వల్ల పోయినవాళ్లూ ఉన్నారు. ఏ యంత్రం నుంచి వచ్చినా విషం ఒకటే.

స్మోక్ అలారం పొగను పట్టుకుంటుంది, ఈ వాయువును పట్టుకోదు. దీనికి వేరే సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం కావాలి, లేదా రెండూ కలిసినది. ప్రతి అంతస్తులో ఒకటి, పడకగదుల దగ్గర తప్పకుండా ఒకటి పెట్టండి. వెనకవైపు తేదీ చూడండి. సెన్సర్ కొన్నేళ్లకు అయిపోతుంది, బ్యాటరీ మార్చినంత మాత్రాన మళ్లీ కొత్తది కాదు.

ఇక "వెచ్చని గాలి వస్తే బాగున్నట్టే" అన్న మాట. మొత్తం మెసేజ్‌లో నాకు ఎక్కువ భయం వేసేది ఇదే. ఫర్నేస్‌లో రెండు గాలులు ఉంటాయి. బర్నర్ మంట నుంచి వచ్చే వాయువులు హీట్ ఎక్స్ఛేంజర్ అనే లోహపు గదుల్లోంచి బయటి గొట్టంలోకి పోతాయి. మన గదుల్లోకి వచ్చే గాలి ఆ లోహానికి అవతలివైపు నుంచి వేడెక్కి వస్తుంది. రెండింటికీ మధ్య ఉన్నది ఆ పల్చటి లోహమే. అది చిట్లినా, బయటి గొట్టం ఊడినా, పక్షిగూడుతోనో మంచుతోనో మూసుకుపోయినా గాలి వెచ్చగానే రావచ్చు, కానీ విషవాయువూ ఇంట్లోకి చేరవచ్చు. మంట నీలంగా, నిలకడగా ఉందా, పసుపురంగులో ఊగుతోందా, గొట్టం తెరిచి ఉందా అన్నది చూస్తే గానీ తెలియదు. ఏడాదికోసారి, చలి రాకముందే, లైసెన్సున్న మనిషితో చూపించమనేది ఇందుకే.

దోపిడీ అన్న మాటలో మాత్రం కొంత నిజం ఉంది. ఎక్స్ఛేంజర్ చిట్లింది, ఫర్నేస్ మొత్తం మార్చాలి అని భయపెట్టేవాళ్లు ఉన్నారు. అలా అంటే చిట్లిన చోటు ఫొటోలోనో కెమెరాలోనో చూపించమనండి, కార్బన్ మోనాక్సైడ్ రీడింగ్ అడగండి, ఇంకొకరి చేత చూపించుకోండి. నిజంగా చిట్లి ఉండవచ్చు కాబట్టి, అది తేలేదాకా ఫర్నేస్ ఆపి ఉంచండి.

వెంట్లు మూయడం. ఒకటి రెండు మూస్తే పెద్దగా ఏమీ కాదు. సగం ఇంటివి మూస్తే గాలి తగ్గి ఫర్నేస్ లోపల వేడి పేరుకుంటుంది. మా మొదటి చలికాలంలో ఫర్నేస్‌లోకి వెళ్లే గాలిలోని దుమ్మును ఆపే ఫిల్టర్ అనేది ఒకటుందని కూడా మాకు తెలియదు. ఎనిమిది నెలలు మార్చలేదు. ఫర్నేస్ వెలిగిన కాసేపటికే ఆగిపోయేది, మళ్లీ వెలిగేది. గాలి ఆడక లోపల కాగిపోతుంటే లిమిట్ స్విచ్ మంటను ఆపుతోందని మెకానిక్ చెప్పి, బూజు పట్టిన దుప్పటిలా ఉన్న ఆ ఫిల్టర్‌ను చేతిలో పెట్టాడు. మూసిన వెంట్లు చేసేదీ అదే పని. అలా కాగి కాగి లోహం చిట్లవచ్చు. అంగుళం మందం ఫిల్టర్లను ఒకటి నుంచి మూడు నెలలకోసారి మార్చాలి.

ఓవెన్ మాట అసలు వినకండి. ఇల్లు వేడి చేయడానికి దాన్ని తయారు చేయలేదు. గ్యాస్ ఓవెన్‌ను గంటల తరబడి తెరిచి మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోనే చేరుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు ఇళ్లలో బొగ్గుల గ్రిల్ పెట్టుకుని, గ్యారేజీలో కారు నడిపి వెచ్చగా ఉండాలనుకున్న కుటుంబాలు ఇలాగే విషవాయువు బారిన పడ్డాయి.

మెసేజ్‌లో లేనిది ఒకటి చెప్పాలి. మన ఇళ్లలో ఖాళీ సూట్‌కేసులు, అట్టపెట్టెలు చేరేది ఫర్నేస్ పక్కనే. చుట్టూ మూడడుగులు ఖాళీగా ఉంచండి. పెయింట్ డబ్బాలు, పెట్రోలు ఆ గదిలో అసలు వద్దు.

పగలంతా ఇంట్లో ఉండేది ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలే. ఇవాళే వాళ్ల ముందు సీఓ అలారం టెస్ట్ బటన్ నొక్కి ఆ చప్పుడు వినిపించండి. వరసగా నాలుగు కూతలు, కాస్త ఆగి మళ్లీ నాలుగు కూతలు వినబడితే, కోటు కోసం కూడా వెతక్కుండా బయటికి వచ్చి 911కి ఫోన్ చేయమని చెప్పండి. తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలని ఎలా అడగాలో కూడా నేర్పండి.