విమానం దిగకముందు జరిగే పని

2008 జులై 7 ఉదయం కాబూల్‌లోని మన రాయబార కార్యాలయం గేటు దగ్గర కారు బాంబు పేలింది. కౌన్సెలర్ వి. వెంకటేశ్వరరావు, రక్షణ విభాగం అధికారి బ్రిగేడియర్ రవిదత్ మెహతా, కాపలా ఉన్న ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం (ఐటీబీపీ) జవాన్లు ఇద్దరు నేలకొరిగారు. వీసాల కోసం వచ్చిన అఫ్ఘాన్లతో కలిపి మృతులు యాభై దాటారు. భవనం మాత్రం కూలకుండా నిలిచింది. ముందే అక్కడ ఇసుక నింపిన అడ్డుగోడలు పెట్టించి ఉండటం అందుకు ఒక కారణం. ఆ ఇసుక ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో చెప్పడం ఎవరి తరం?

దౌత్యవేత్త అనగానే కరచాలనాలూ విందులూ గుర్తొస్తాయి. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లోని మన సిబ్బందికి దక్కింది బస్సుల వేట, డీజిల్ వేట. అంతర్యుద్ధపు కాల్పుల మధ్య రాజధాని ఖార్తూమ్ నుంచి పోర్ట్ సూడాన్ రేవుకు జనాన్ని చేర్చి, అక్కడి నుంచి సౌదీలోని జెడ్డాకు పంపించారు. ఖార్తూమ్ దగ్గరి వాదీ సయ్యద్‌నాలో దీపాల్లేని రన్‌వే మీద వాయుసేన రాత్రిపూట దిగి 121 మందిని తెచ్చింది. టీవీల్లో కనిపించింది విమానమే. ఎవరు ఏ వీధిలో చిక్కుకున్నారో కనుక్కుని పోగుచేసిన వారి ముఖాలు మనకు తెలియవు.

ఉక్రెయిన్ అనుభవం ఇంకా చేదు. 2022 జనవరిలోనే వివరాలు నమోదు చేసుకోమని కీవ్‌లోని మన కార్యాలయం విద్యార్థులను కోరింది. ఫిబ్రవరి 15న, ఉండక తప్పనివారు మినహా తాత్కాలికంగా వెళ్లిపోయే విషయం ఆలోచించమంది. ఆ మాటలో ఉన్న మొహమాటమే కొంప ముంచింది. తరగతులు పోతాయని, ఫీజు వృథా అవుతుందని పిల్లలు ఆగారు; ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైంది. చిక్కుకున్నవారిలో తెలుగు ఇళ్ల నుంచి వెళ్లినవారూ ఉన్నారు. మార్చి 2న ఖార్కివ్‌లోని వారికి వచ్చిన ఆదేశంలో మొహమాటం లేదు: సాయంత్రం ఆరులోగా నగరం వెలుపలి పెసోచిన్, బాబాయె, బెజ్లియుదొవ్కాలకు చేరండి, వాహనం దొరక్కపోతే నడిచి వెళ్లండి.

ఇంత బాధ్యత మోసే విదేశాంగ సర్వీసులో ఉన్నది వెయ్యిమంది పైచిలుకు అధికారులు. మన దేశం పరిమాణానికి ఇది సిగ్గుపడాల్సిన అంకె. ప్రమాదకర దేశాల్లో పోస్టులు పెంచాలి, సంక్షోభ ప్రణాళికలను ఏటా కసరత్తు చేసి సరిచూడాలి. విదేశీ వైద్యసీట్లు అమ్ముకునే కన్సల్టెన్సీలు హైదరాబాద్, విజయవాడల్లో వీధికొకటి ఉన్నాయి. పంపిన ప్రతి విద్యార్థి చిరునామా, ఫోను నంబరు రాయబార కార్యాలయానికి అందించే బాధ్యతను రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ వాటి మీద పెట్టాలి, ఈ ఏడాది అడ్మిషన్ల నుంచే.