నా మతిమరుపు, నా సొంత సర్వర్

కూడు, గుడ్డ, నీడ తరువాత మనిషికి కావలసింది సొంత సింక్ సర్వర్. ఏ పార్టీ ఎన్నికల ప్రణాళికలోనూ ఈ మాట లేకపోవడం విచారకరం.

డిపార్ట్‌మెంటల్ పరీక్షకు నిబంధనలు బట్టీ పట్టలేక నేను ఆంకీ అనే కార్డుల సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయించాను. జపనీస్‌లో ఆ మాటకు కంఠస్థం చేయడమని అర్థం. కార్డుకు ఒకవైపు ప్రశ్న, రెండో వైపు జవాబు. సరిగ్గా మరిచిపోబోయే వేళకు అదే తెచ్చి ఎదుట నిలబెడుతుంది. చదివింది ఎంత వేగంగా జారిపోతుందో ఎబింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాలతో తన మీదే ప్రయోగం చేసుకుని 1885లో అచ్చు వేశాడు. నేను అదే ప్రయోగాన్ని సెలవు నిబంధనలతో చేస్తున్నాను. ఫలితంలో తేడా లేదు.

లాప్‌టాప్‌లో చదివింది ఫోనుకు తెలియాలంటే మధ్యలో రెండింటి లెక్కా సరిచూసే కంప్యూటర్ ఒకటి, అదే సింక్ సర్వర్, ఉండాలి. ఆంకీవెబ్ పేరిట దాన్ని ఉచితంగానే ఇస్తున్నారు. అలిపిరిలో సంచీ అప్పగించి, చేతులూపుకుంటూ మెట్లెక్కి, కొండ మీద చీటీ చూపించి తీసుకున్నట్టే. పైసా అడగరు. కానీ నా ఆత్మగౌరవం మాటేమిటి? నాలుగు వందల కార్డులు, అందులో సగం నాకు రానివి, ఎవరి కంప్యూటర్‌లోనో పడి ఉంటే నా అజ్ఞానం పరాయి కంట పడదా? ఆ ఒక్క సంచీ కోసం సొంత లారీ కొనాలని నిశ్చయించాను.

ఆంకీవాళ్లు సర్వర్‌ను కూడా సాఫ్ట్‌వేర్‌లోనే కలిపి ఇచ్చారు. దాన్ని డాకర్ కంటైనర్‌లో, అంటే ప్రోగ్రామును విడిగా ఉంచి నడిపే డబ్బాలాంటి దాంట్లో పెట్టి, ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ చెబితే 8080 పోర్టు అనే వాకిలి దగ్గర బుద్ధిగా కూర్చుంటుంది. పది నిమిషాల పని. నాకు పదకొండు రాత్రులు పట్టింది. బైరాగిపట్టెడలోని మా ఇంట్లో బీరువా మీది పాత లాప్‌టాప్‌కు సర్వర్ హోదా దక్కింది.

"ఏమండీ, అది రాత్రంతా ఎందుకలా మూలుగుతోంది?" అంది మా ఆవిడ.

"అది నా జ్ఞాపకశక్తి."

"అయితే ఆపేయండి. ఎలాగూ వాడటం లేదుగా."

ఇంటి వైఫై దాటితే నా సర్వర్ పలకదు. కాబట్టి అది మోసే బరువంతా బల్ల మీది లాప్‌టాప్ నుంచి పక్కనున్న ఫోను వరకు, జానెడు దూరం. స్వాతంత్ర్యానికి విస్తీర్ణంతో పని లేదు.

ఇక కంటైనర్ సంగతి. అది విస్తరాకు లాంటిది. ఎత్తి పారేస్తే అందులో వడ్డించిందీ పోతుంది. అన్నం గిన్నెలో విడిగా ఉండాలి. ఆ గిన్నెనే వాల్యూమ్ అంటారు. అన్నమయ్య పాటలను రాగిరేకుల మీద చెక్కించి గుడిలో రాతి అరలో దాచినవాళ్లకు ఈ సూక్ష్మం తెలుసు. శతాబ్దాల తరువాత తీసినా వేల పాటలు దొరికాయి. నేను మాత్రం కొత్త వెర్షన్ మోజులో పాత విస్తరి ఎత్తేసి కొత్తది పరిచాను. సర్వర్ శుభ్రంగా ఖాళీ.

కంగారులో ఫోనులోని పది రోజుల నాటి కార్డుల కట్టను సర్వర్‌కు ఎక్కించాను. తరువాత లాప్‌టాప్ అడిగింది: సర్వర్‌కు పంపాలా, సర్వర్ నుంచి దించాలా? నేను తిరుపతివాడిని. 1944 నాటి ఘాట్ రోడ్డున దిగాలని, 1974లో వచ్చిన రెండో రోడ్డున ఎక్కాలని ఊహ తెలిసినప్పటి నుంచీ ఎరిగినవాడిని. అయినా ఎక్కాల్సిన చోట దిగాను. పది రోజుల చదువు మీద పాత కట్ట వచ్చి కూర్చుంది.

ఆంకీ తనంతట తానే బ్యాకప్ తీసి ఉంచుతుందని నాకు తెలుసు. దాన్ని ఎలా తెరవాలో ఒక కార్డు మీద రాసుకున్నాను కూడా. ఆ కార్డు పోయిన పది రోజుల్లోది.

పరీక్ష ఇంకా పాస్ కాలేదు. సెలవు నిబంధనల కట్ట పక్కన ఇప్పుడు డాకర్ కమాండ్ల కట్ట ఒకటి తయారైంది. నిజం చెప్పాలంటే రోజూ తెరుస్తున్నది అదొక్కటే. ఈ ఉదయం మొదటి కార్డు: "కంటైనర్‌ను తీసేసే ముందు ఏమి చూసుకోవాలి?"

కాసేపు ఆలోచించి 'మళ్లీ' అనే బొత్తం నొక్కాను. ఒక నిమిషంలో వస్తానంది.